దుబాయిలో వాననీటికి దారేది?

మన ద్వీపం నుండి హైదరాబాదుకో విశాఖపట్నానికో బయలుదేరినవారిలో చాలామంది దుబాయిలో విమానం మారుతారు. ఆ నాలుగు గంటలూ మనకు దుబాయి అంటే అద్దాల గోడలు, బంగారం దుకాణాలు, ఎప్పుడూ ఆరని దీపాలు. కిందటి ప్రయాణంలో మేము అక్కడ కూర్చుని ఉండగా వెనుక వరుసలో తెలుగు వినిపించింది. మనం బడిలో నేర్చుకున్న తెలుగు కాదు, తెలంగాణ తెలుగు. పలకరించాము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారు, పది పన్నెండు మంది. పాస్‌పోర్టులను ప్లాస్టిక్ సంచుల్లో భద్రంగా పట్టుకుని ఉన్నారు. ఒకాయన గొట్టాలు వేసే పనిలో ఉన్నాడట. ఏ గొట్టాలని అడిగితే వాననీటివన్నాడు. ఎడారిలో వాననీటి గొట్టాలేమిటని మాకు నవ్వు వచ్చింది గాని, ఆయన నవ్వలేదు. ఇంటికి వచ్చాక ఆ సంగతి విచారించి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

2024 ఏప్రిల్ 16న ఆ విమానాశ్రయంలోనే విమానాలు నీళ్లలో నడిచాయి. ఒక్క రోజులో దుబాయిలో 142 మిల్లీమీటర్ల వాన పడింది. అక్కడ ఏడాది మొత్తానికి పడే సగటు వాన సుమారు 95 మిల్లీమీటర్లు. అల్ ఐన్ ప్రాంతంలో ఖత్మ్ అల్ షక్లా అనే చోట 254 మిల్లీమీటర్లు దాటింది. 1949లో లెక్కలు మొదలైన తరువాత ఆ దేశంలో అంతటి వాన నమోదు కాలేదు. రెండు రోజుల్లో రెండు వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి. ఎమిరేట్లలో నలుగురు, పొరుగున ఒమాన్‌లో బడిపిల్లలతో సహా ఇరవై మంది దాకా చనిపోయారు.

మన క్యూర్‌పీప్‌లో 142 మిల్లీమీటర్లు పెద్ద వింత కాదు. తుపాను వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉంటాము. మరి అక్కడ ఎందుకు అంత గొడవయింది?

ముందుగా ఒక పుకారు సంగతి చెప్పాలి. మేఘాల మీద ఉప్పు చల్లి వాన తెప్పించారనీ, అది వికటించిందనీ ఆ రోజుల్లో మన దగ్గర కూడా చాలామంది అనుకున్నారు. ఆ దేశంలో మేఘాలకు ఉప్పు చల్లే పని ఉన్నమాట నిజమే. కాని ఆ తుపాను సమయంలో అందుకోసం విమానాలు పంపలేదని అక్కడి వాతావరణ కేంద్రం చెప్పింది. దేశదేశాల మీదుగా సాగి, రోజుల ముందే అంచనాకు అందిన పెద్ద వాన అది. చల్లిన ఉప్పుతో అంత వాన రాదు. భూమి వేడెక్కినకొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది. ఎల్ నినో సంవత్సరాలలో ఆ ప్రాంతపు భారీ వానలు మునుపటికంటె 10 నుండి 40 శాతం ఎక్కువయ్యాయని శాస్త్రజ్ఞుల బృందం ఒకటి లెక్కగట్టింది.

ఇక నేల సంగతి. ఎడారి ఇసుక నీటిని పీల్చేస్తుంది కదా అని మనమనుకుంటాము. లోపలి ఇసుక దిబ్బలు పీల్చే మాట నిజం. దుబాయి ఉన్నది సముద్రపు ఒడ్డున. అక్కడ చాలాచోట్ల ఉప్పు పేరుకున్న చదునైన నేల; దానిని అరబ్బులు సబ్ఖా అంటారు. కొద్ది అడుగుల లోతునే ఉప్పునీరు తగులుతుంది. పునాది తవ్వేవాడు ముందు నీటిని తోడి పోస్తూ ఉంటే తప్ప పని సాగదు. కింద నీరు నిండి ఉన్న నేల పైనీటిని ఎంత తాగగలదు? ఆ కొంత నేలనూ తారు, సిమెంటు కప్పేశాయి. వాలు లేదు గనుక నీరు తనంతట తాను పోదు, పంపులతో తోడాలి. కాలువ చివర ఉన్నది సముద్రం. పోటు సమయాన అది నీటిని సులభంగా తీసుకోదు. అందుకే ఆ ఏప్రిల్‌లో టాంకరు లారీలు రోజుల తరబడి వీధుల్లో నీరు పీలుస్తూ తిరిగాయి. షార్జాలో కొన్ని వీధులలో వారం దాటినా నీరు నిలిచే ఉంది. దుబాయిలో ఉద్యోగం చేస్తూ అద్దె చౌక అని షార్జాలో కాపురముండే తెలుగు కుటుంబాలు ఎన్నో.

ముందే కాలువలు ఎందుకు వేయలేదని అడగవచ్చు. ఏడాదిలో వాన పడేది కొద్ది రోజులు. మిగతా కాలమంతా ఇసుక వచ్చి కాలువలో చేరుతుంది. దానిని తీయించే ఖర్చు ఏటేటా ఉంటుంది. అంతకంటె వాన పడినప్పుడు లారీలతో తోడించడం చౌక. ఈ లెక్క వేసినవారు తెలివితక్కువవారు కారు. ఊరు చిన్నదిగా ఉన్నంతకాలం లెక్క సరిపోయింది.

ఎంత చిన్నదో చూడండి. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో దుబాయి పదివేల జనం ఉన్న ముత్యాల రేవు. ఖర్జూరపు మట్టలతో కట్టిన ఇళ్లు, మధ్యలో సముద్రపు పాయ. పాయ ఇసుకతో పూడిపోతూ ఉంటే 1959లో షేక్ రాషిద్ కువైట్ నుండి అప్పు తెచ్చి తవ్వించాడు. ఓడలు లోపలికి రావడంతోనే ఊరి దశ తిరిగింది. చమురు దొరికినది ఆ తరువాత, 1966లో. 1968లో జనం 60 వేల లోపు. 1975కు లక్షా 80 వేలు. 2024 చివరికి 38 లక్షలు దాటారు. మన ద్వీపం జనాభాకు మూడింతలన్నమాట. రేవు మీద శ్రద్ధ పెట్టిన ఊరు అది. ఓడకు దారి చేశారు, విమానానికి దారి చేశారు, మోటారు కారుకు పన్నెండు వరుసల దారి చేశారు. నీటికి దారి చేయడం వెనకబడింది.

అది వాననీటితో మొదలైన కష్టం కూడా కాదు. 2008లో, కట్టడాల వేడి మంచి జోరు మీద ఉన్నప్పుడు, కొత్త పేటలకు మురుగు గొట్టాలు అందలేదు. మురుగంతా టాంకరు లారీలలో అల్ అవీర్ శుద్ధి కేంద్రానికి పోవాలి. ఉన్న కేంద్రం అదొక్కటే, లారీలు వందలు. డ్రైవర్లు గంటల తరబడి, ఎండలో, వరుసలో నిలబడేవారు. వారికి కూలి ట్రిప్పు లెక్కన. కొందరు ఆగలేక రాత్రిపూట అల్ కూజ్ ప్రాంతంలోని వాననీటి కాలువలలో ఒంపేశారు. అది తిన్నగా జుమేరా తీరానికి, స్నానాలు చేసే చోటికి చేరింది. పెద్ద అల్లరి జరిగింది. జరిమానాలు వేశారు, లారీలు జప్తు చేస్తామన్నారు. తప్పు తప్పే. అయితే శుద్ధి కేంద్రం చాలదని తెలిసీ వేల ఇళ్లు అమ్మినవారిని అడిగినవారు తక్కువ. కర్ర దెబ్బ చివరి మనిషి వీపు మీదనే పడడం మన పెద్దలకు కొత్త కాదు.

ఇప్పుడు పునర్నిర్మాణం పెద్ద ఎత్తున సాగుతున్నది. మురుగు కోసం లోతైన సొరంగాలు తవ్వే 8,000 కోట్ల దిర్హాముల పథకాన్ని 2023లో ప్రకటించారు. పంపు స్టేషన్లు తీసేసి, మురుగు తన బరువుతో తానే పారేలా చేయడం దాని ఉద్దేశం. వాననీటి కోసం 2024 జూన్‌లో తస్రీఫ్ అనే పథకం వచ్చింది. 3,000 కోట్ల దిర్హాములు, 2033కు పూర్తి, నీరు తీసే శక్తి 700 శాతం పెంపు, వందేళ్ల వరకు సరిపోవాలని లక్ష్యం. ఏప్రిల్ వానకు దెబ్బతిన్న పౌరుల ఇళ్ల కోసం ప్రభుత్వం 200 కోట్ల దిర్హాములు కేటాయించింది. పౌరుల ఇళ్లకని గమనించాలి. ఊరి జనంలో పదింట తొమ్మండుగురు పరదేశులు.

ఆ పరదేశులలో కూలివారు ఉండేది సోనాపూర్, అల్ కూజ్, జెబెల్ అలీ, షార్జా దగ్గరి సజ్జా వంటి చోట్ల. సోనాపూర్ అంటే బంగారుపురి. పేరు పెట్టినవాడు ఎవడో గాని హాస్యప్రియుడు. ఆ బసలను వారు క్యాంపు అంటారు. ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి. మన తాతముత్తాతలు చెరకు ఎస్టేటులో ఉన్న చోటును కూడా క్యాంపు అనే అన్నారు. కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవారికి ఒప్పందం ఉండేది, 1867 నుండి ఫొటో అంటించిన టిక్కెట్టు ఉండేది. గల్ఫ్‌లో కూలివాడి నివాసపత్రం యజమాని పనితో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదని అక్కడి నియమం, పెట్టుకునేవారు లేకపోలేదు. వేసవిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు వరకు ఎండలో పని చేయించరాదనే నియమం ఉన్నది, అది మంచి నియమం.

ఒక తేడా మాత్రం పెద్దది. మనవారు చెరకు పొలాల్లో రాళ్లు ఏరి గుట్టలు పోశారు. ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి పక్కనే ముక్కలుగా అమ్మిన భూమిని వారిలో కొందరు కొనుక్కున్నారు, మనం దానిమీద పుట్టాము. దుబాయిలో గొట్టం వేసినవాడికి ఆ గొట్టం పక్కన ముసలితనం ఉండదు. పని అయిపోతే ఊరికి పోవాలి. కొందరు పెట్టెలో పోతారు. గల్ఫ్‌లో చనిపోయిన కూలివారి కుటుంబానికి అయిదు లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు చేసింది. చాలా కాలంగా అడుగుతూ ఉంటే వచ్చినది అది.

మనవైపు కూడా చూసుకోవాలి. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో పదకొండు మంది నీట మునిగి చనిపోయారు. కొందరు నడకదారి సొరంగంలో చిక్కుకున్నారు. 2024 జనవరి 15న బెలాల్ తుపాను నాడు అదే పట్టణంలో కార్లు పడవల్లా తేలాయి. మూడు నెలల తరువాత దుబాయి చిత్రాలు చూసినప్పుడు మాకు మొదట మన వీధులే అనిపించాయి. గ్రాండ్ బే, ఫ్లిక్ అన్ ఫ్లాక్ తీరాలలో ఇప్పుడు లేస్తున్న కట్టడాలకు నీరు ఎటు పోతుందో అడిగిన పొరుగువాడిని ఓర్చుకునేవారు మనలో ఎందరు? మన దగ్గర వాలు ఉంది, వాగులు ఉన్నాయి. దుబాయివారికి ప్రకృతి ఇవ్వని దారులు మనకు ఇచ్చింది. వాటిమీదనే ఇళ్లు కడుతున్నాము.

తస్రీఫ్ కింద 2025 ఏప్రిల్‌లో 140 కోట్ల దిర్హాములకు పైబడిన పనులు గుత్తకు ఇచ్చారు. విమానాశ్రయంలో మాతో మాట్లాడిన కోరుట్లాయనకు ఇంకా రెండేళ్ల పని ఉన్నదట. కూతురి పెళ్లికి సెలవు దొరికి వెళ్తున్నాడు. మా తెలుగు విని, మీరు ఏ జిల్లా అని అడిగాడు. ఏం చెప్పాలో మాకు వెంటనే తోచలేదు. మా ముత్తాత కోరంగిలో ఓడ ఎక్కాడని చెప్పాము. ఎన్నేళ్ల కాంట్రాక్టు మీద అని అడిగాడు. అయిదేళ్లని చెప్పాము.