‘గివ్ ఆఫ్’ అంటే ఆపడం కాదు!

“ప్లాంట్స్ టేక్ ఇన్ కార్బన్ డయాక్సైడ్ అండ్ గివ్ ఆఫ్ ఆక్సిజన్.” పగటి వెలుతురులో మొక్కలు చేసే పనిని గురించి ఇంగ్లీషు సైన్సు పుస్తకాలు చెప్పే మాట ఇది. ఇందులో ‘గివ్ ఆఫ్’ అంటే ఏమిటి? ‘గివ్’ అంటే ఇవ్వడం. స్విచ్ ‘ఆఫ్’ చేస్తే దీపం ఆగిపోతుంది. కాబట్టి మొక్కలు ఆక్సిజన్ ఇవ్వడం ఆపేస్తాయని మీరనుకుంటే, అర్థం తలక్రిందులైనట్లే!

ఇక్కడ ‘ఆఫ్’ అంటే ‘ఒకదాని నుంచి విడివడి, దూరంగా’ అని అర్థం. విమానం నేలను విడిచి పైకి లేవడం ‘టేక్ ఆఫ్’. గోడ మీది నుంచి కింద పడడం ‘ఫాల్ ఆఫ్’. అలాగే ఒక వస్తువు తనలో నుంచి వేడిని గాని, వెలుతురును గాని, వాసనను గాని, వాయువును గాని బయటికి వదలడం ‘గివ్ ఆఫ్’. తెలుగులో ‘వెలువరించు’, ‘వెదజల్లు’ అంటాం. మల్లెపువ్వు పరిమళాన్ని ‘గివ్ ఆఫ్’ చేస్తుంది.

చెంచాడు వంటసోడా మీద నిమ్మరసం పిండి చూడండి. బుస్సుమని పొంగుతుంది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. దీన్నే “కార్బన్ డయాక్సైడ్ ఈజ్ గివెన్ ఆఫ్” అని రాస్తారు. జరిగిపోయిన దానికి ‘గేవ్ ఆఫ్’ అనాలి.

అయితే స్నేహితుడికి పెన్ను ఇవ్వడం ‘గివ్ ఆఫ్’ కాదు; అది వట్టి ‘గివ్’. ‘గివ్ అప్’ అంటే మానుకోవడం. ‘గివ్ అవుట్’ అంటే పంచిపెట్టడం. వేడి, వెలుతురుల విషయంలో మాత్రం దీన్ని ‘గివ్ ఆఫ్’ అనే అర్థంలోనూ వాడతారు.

ఇప్పుడీ వాక్యం చూడండి: “బర్నింగ్ చార్‌కోల్ గివ్స్ ఆఫ్ కార్బన్ మోనాక్సైడ్.” మండే బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్‌ను వెలువరిస్తాయని దీని అర్థం. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, మగత, స్పృహ తప్పడం, చివరకు మరణం! మంట తగ్గి, పొగ కనిపించకపోయినా, ఎర్రటి నిప్పులు ఆ వాయువును వదులుతూనే ఉంటాయి.

ఆ వాక్యాన్ని ‘ఆపేస్తాయి’ అని చదువుకున్నవాడు, చలికాలపు రాత్రి తలుపులన్నీ మూసి, కుంపటి పక్కనే నిశ్చింతగా నిద్రపోతాడు. సరిగా చదివినవాడు కుంపటిని ఆరుబయట పెట్టి వచ్చి మరీ పడుకుంటాడు.