సింహానికై సిద్ధమైన వనంలో చీతా

మన దేశంలో అంతరించినట్లు 1952లో ప్రకటించబడిన చీతా, 2022 సెప్టెంబరు 17న మధ్యప్రదేశ్‌లోని కూనో వనంలో మరల అడుగిడినది. తొలుత నమీబియా నుండి 8, మరుసటి ఏట దక్షిణాఫ్రికా నుండి 12 విచ్చేసినవి. (చీతా వేరు, మన చిరుతపులి వేరు, పాఠకులు గమనింపగలరు.) కొన్ని మరణించినవి, ఇక్కడే కూనలూ జన్మించినవి.

అయితే ఆ వనం సిద్ధమైనది గిర్ సింహాలకై. ఒక్క చోటనే మిగిలిన జాతిని ఒక్క అంటువ్యాధి తుడిచిపెట్టగలదన్న భయంతో, కూనోలోని 24 గ్రామాల వారిని, అధికంగా సహరియా గిరిజనులను, వెలుపలికి తరలించిరి. గుజరాత్ సింహాలను ఇవ్వలేదు. 6 నెలలలో తరలింపుడని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించి, ఆఫ్రికా చీతాల యోచనను త్రోసిపుచ్చినది. 2020లో తానే ప్రయోగాత్మకంగా అనుమతించినది. చీతా రాక ముదావహమే గాని, ముందుగా రావలసినది సింహమే. 2018లో గిర్ ప్రాంతంలో డిస్టెంపర్ వైరస్ సోకి సింహాలు మరణించినవి.