కతా మా, జరిగిందా?

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను అరుగు మీద పుస్తకం తెరిస్తే, పక్కింటి పెద్దమ్మ చేటలో బియ్యం పోసుకుని వచ్చి కూర్చుంటుంది. మట్టిగడ్డలు ఏరుకుంటూ చదివింది వింటుంది. ఏ పుస్తకమైనా ముందు ఒకటే అడుగుతుంది. "ఇది కతా మా, జరిగిందా?"

ఈ ఎండాకాలమంతా ఆ ప్రశ్నతోనే చదివాను. కతల పుస్తకాలొక వరస, జరిగినవొక వరస పేర్చుకుని మొదలుపెడితే, చివరికి వరసలు కలిసిపోయాయి.

ముందు చదివింది మా పొరుగాయన పుస్తకం. మా నెల్లూరు జిల్లా అల్లూరు పక్కనున్న విడవలూరు మండలంలో అలగానిపాడు ఉంది. 1913 మే 1న పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన ఊరు. ఆయన ఆత్మకథ 'విప్లవ పథంలో నా పయనం'. భూమీ పుట్రా ఉన్న ఇంటి పిల్లవాడు 1930లో చదువు విడిచి ఉద్యమంలోకి పోయాడు, జైలుకు పోయాడు. పేరు చివరి రెడ్డిని వదిలేశాడు. సొంతూళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. ఇంత చేసిన మనిషి తన గురించి రాసుకుంటూ తనను తాను వెనక్కి నెట్టుకుంటాడు. పార్టీ, పోరాటం, నిర్ణయాలు ముందు నిలబడతాయి, మనిషి పక్కకు తప్పుకుంటాడు. ఆ నిగ్రహానికి దండం పెడతాను. కానీ చదువుతున్నంతసేపూ ఒక కొరత మిగిలింది. సొంతవాళ్ళకు ఎదురుగా కూలీల పక్షాన నిలబడిన రోజు ఇంట్లో అన్నం ఎవరు వడ్డించారు? ఎవరు మాట్లాడలేదు? పెద్దమ్మ కూడా అదే అడిగింది. "వాళ్ళమ్మ ఏమనింది?"

ఆ అమ్మలు మాట్లాడేది కతల్లోనే. కావలి మాకు బస్సు దూరం. ఆ ఊరివాడైన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 'పోలేరమ్మ బండ కతలు' చదివేటప్పుడు పెద్దమ్మ చేతిలో బియ్యం కదల్లేదు. పేద ముస్లిం ఇంటి పిల్లవాడు చెప్పే సంగతులు, నెల్లూరు యాసలో. 'ఏంది', 'ఎట్టా', 'అట్టనే' అచ్చులో కనబడితే మాకు కలిగే సంతోషం వేరే జిల్లావాళ్ళకు చెప్పినా తెలియదు. మా మాటను సినిమాల్లో నవ్వించడానికే వాడుకున్నారు చాలాకాలం. ఈ కతల్లో అదే మాట ఆకలిని చెప్పింది, అభిమానాన్ని చెప్పింది. పండక్కి కొత్త బట్టలు వస్తాయా రావా అని ఎదురుచూసే ఇంట్లో డబ్బు ఎట్టా నడుస్తుందో ఈ పుస్తకాలు చెప్పినంత తేటగా నేను చదివిన చరిత్ర పుస్తకమేదీ చెప్పలేదు. "కతే పెద్దమ్మా" అంటే నమ్మలేదు. "ఇది జరక్కుండా ఎట్టా రాస్తారు?" అనింది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' దగ్గరా అదే తంతు. 2019లో తానా బహుమతి పొందిన నవల, తర్వాత సినిమా కూడా అయింది. కరువుకు ఊళ్ళో మేత లేక గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుపోవడం అందులో కథ. గొర్రె ఏ ఆకు తింటుంది, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పులి జాడ తెలిస్తే మందను ఎట్టా కాపాడుకోవాలి? ఇవన్నీ కాపరుల నోటి జ్ఞానం, పుస్తకంలో భద్రమైంది. అడవి నేర్పిన ధైర్యాన్ని మళ్ళీ మాటల్లో విడమరిచిన చోట మాత్రం నవల నాకు పలచబడింది. మనకు అర్థమయ్యాక ఇంకా చెప్పనక్కర్లేదు.

వెనక్కి పోతే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. 1830లో చెన్నపట్నం నుంచి పరివారంతో బయలుదేరి, కాశీ చూసుకుని, తూర్పు తీరం వెంట దిగి, నెల్లూరు మీదుగా 1831లో ఇల్లు చేరినాయన. మజిలీ మజిలీకీ దూరమెంత, బస ఎక్కడ, ఏమి దొరుకుతుంది, ఏటిని ఎట్టా దాటారు, అంతా వరసగా రాసి పెట్టాడు. పనికట్టుకుని కథ చెప్పడు. అయినా ఏరు దాటేటప్పుడు బోయీల కష్టం కంటబడితే మనకు కథే వినబడుతుంది. ఈ పుస్తకం బడి పిల్లల చేతికి రావాలని గట్టిగా అనుకుంటాను.

పెద్దమ్మ ప్రశ్నకు అసలు జవాబు మాత్రం ఆమె సొంత బతుకులోనే ఉంది. ఆమె అక్షరాలు నేర్చింది బళ్ళో కాదు, అక్షరదీపం అనే సాక్షరతా ఉద్యమపు రాత్రి తరగతుల్లో. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతా పలకలు పట్టిన రోజులవి. ఆ వాచకంలో సీతమ్మ కథ ఉండేది, సారాతో చితికిన పల్లె ఆడవాళ్ళ కథ. ఉత్త కల్పన. అది చదివిన మా జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తమ సంగతే అనుకున్నారు. ఆ ఊరి రోశమ్మ ముందు నిలబడింది, ఊళ్ళో సారా అంగడి మూతబడింది. తర్వాత దూబగుంటలో జరిగిందే కొత్త పాఠమై మిగతా ఊళ్ళకు పోయింది. చదివినవాళ్ళు తమ ఊరి అంగళ్ళ మీదికి కదిలారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ నిషేధం రెండేళ్ళకే సడలిపోయింది, అది వేరే బాధ. కానీ కత జరిగిందయింది, జరిగింది మళ్ళీ పాఠమయింది. ఇంతకన్నా పెద్ద పుస్తక సమీక్ష నాకు తెలియదు.

నేను వెతికి దొరకని పుస్తకం ఒకటుంది. మా రొయ్యల గుంటల పుస్తకం. మొలగొలుకులు పండిన కయ్యల్ని తవ్వి ఉప్పునీళ్ళు పెట్టడం, టైగరు రొయ్యతో కొత్త మేడలు లేవడం, 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలు పాడుబడటం, 1996 డిసెంబరులో ఆ గుంటల్ని తప్పుబట్టిన సుప్రీంకోర్టు తీర్పు, తర్వాత వనామి రొయ్యతో మళ్ళీ అదే ఆశ. లెక్కలు నివేదికల్లో ఉన్నాయి. బావి నీళ్ళు ఉప్పగా మారిన రోజు ఇసకపల్లి దోవలో ఒక ఇల్లాలు మొదటి బిందె ఎక్కడికి తీసుకుపోయింది? అది రాసిన నవల నా కంటబడలేదు.

ఆ మాటే పెద్దమ్మతో అన్నాను. చేట పక్కన పెట్టింది. "నేను చెప్తా, నువ్వు రాసుకో మా" అనింది. లాంగ్ నోట్‌బుక్కులో పదకొండు పేజీలయ్యాయి. వాళ్ళ కయ్యలోకి పొక్లెయిన్ దిగిన పొద్దు దగ్గరే ఇంకా ఉన్నాం.