తాతయ్య మాటా? డాక్టరుగారి మాటా?

రాజు నాలుగు రోజులుగా నీరసంగా పడుకుంటున్నది. తాతయ్య దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. డాక్టరుగారు దాని పెదవి ఎత్తి, పాలిపోయిన చిగుళ్ళు చూసి, "ఏం పెడుతున్నారు?" అని అడిగారు.

"కూర కలిపిన అన్నం."

"ఇకమీదట అది పెట్టకండి."

"పదేళ్ళుగా పెడుతున్నాం, ఏమీ కాలేదే!" అన్నాడు తాతయ్య.

ఎవరి మాట నిజం?

కుక్క తోడేలు సంతతి కనుక దానికి అన్నం అరగదని కొందరంటారు. అది పొరపాటు. అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేది అమైలేజ్ అనే ఎంజైము. కుక్క శరీరంలో అది క్లోమగ్రంథిలో తయారవుతుంది. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తోడేళ్ళనూ కుక్కలనూ పోల్చి చూశారు. ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేళ్ళలో 2 ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 వరకు ఉన్నాయి! మనిషి పంచన చేరి, మన తిండి తింటూ వేల ఏళ్ళలో కుక్క ఇలా మారింది.

అయితే తాతయ్యే గెలిచాడా? లేదు. డాక్టరుగారు వద్దన్నది అన్నాన్ని కాదు, కూరలోని ఉల్లిపాయను! ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను చితికిపోయేలా చేస్తాయి. ఉడికించినా ఆ గుణం పోదు. రోజూ కొంచెం కొంచెంగా తిన్నా రక్తహీనత రావచ్చు. పాలిపోయిన చిగుళ్ళు దానికి ఒక గుర్తు. అందుకే డాక్టరుగారు రక్తపరీక్ష కూడా చేయించారు.

ఇప్పుడు తాతయ్య రాజుకు అన్నంతోపాటు ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని మాంసం పెడుతున్నాడు. కూరలో ఉల్లిపాయ పడకముందే దాని వాటా తీసేస్తున్నాడు!

మరి మీ కుక్క పళ్ళెంలో ఏముందో చూశారా?