నంబరు, పన్ను, తనిఖీ: కారు యజమాని బాధ్యతలకు ఆధారాలు

ఏలూరు పాత బస్టాండు దగ్గర కాసేపు నిలబడి కార్ల నంబర్లు గమనించండి. ఏపీ 37తో మొదలయ్యేవి పాత పశ్చిమ గోదావరి జిల్లా బళ్లు. ఏపీ 16తో మొదలయ్యేవి పాత కృష్ణా జిల్లావి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు, కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. అంతమాత్రాన ఎవరి బండి నంబరూ మారలేదు. బండి ఏ ఊరిదో చెప్పడం కన్నా, దానికి జవాబుదారు ఎవరో చెప్పడమే నంబరు చేసే అసలు పని.

సొంత డబ్బుతో కొనుక్కున్న కారుకు ప్రభుత్వ నంబరు ఎందుకు, పన్ను ఎందుకు, తనిఖీ ఎందుకు అని చాలామంది ఒకే ఊపులో అడుగుతారు. ఈ మూడింటి ఆధారాలు వేరు. ఒకదాన్ని సమర్థించే వాదన రెండోదానికి సరిపోకపోవచ్చు. అందుచేత విడివిడిగా పరిశీలిద్దాం.

నంబరు ఎవరి కోసం?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపకూడదు. 146వ సెక్షన్ ప్రకారం మూడో పక్షానికి, అంటే దారిన పోయేవారికి కలిగే నష్టానికి బీమా తప్పనిసరి. ఈ రెంటినీ కలిపి చదవాలి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద ఒక కారు సైకిలు మీద వెళ్తున్న కూలీని ఢీకొట్టిందనుకోండి. నంబరు తెలిస్తే యజమాని తెలుస్తాడు, యజమాని ద్వారా బీమా సంస్థ తెలుస్తుంది. అప్పుడు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ బాధితుడి వయసు, సంపాదన, ఆధారపడినవారిని లెక్కలోకి తీసుకొని పరిహారం నిర్ణయిస్తుంది. బండి ఏదో తెలియకపోతే 161వ సెక్షన్ కింద దక్కేది మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50 వేలు. రిజిస్ట్రేషన్‌ను సమర్థించడానికి ఈ తేడా ఒక్కటే చాలు.

మన ప్రాంతంలో పాత కారును తెలిసినవారికి కాగితం మీద రాసి అమ్మేసి, పేరు మార్పించకుండా వదిలేసేవారు ఉన్నారు. ఇది ప్రమాదకరమైన అలవాటు. 50వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అలా తెలపకుండా బండి అనేక చేతులు మారినా, రికార్డులో ఉన్న పేరే యజమాని పేరు అని నవీన్ కుమార్ కేసులో (2018) సుప్రీంకోర్టు తేల్చింది.

పన్ను దేనికి?

వాహనాలపై పన్ను రాష్ట్ర జాబితాలోని 57వ అంశం. మన రాష్ట్రంలో దీనికి 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం ఉంది. బహిరంగ స్థలంలో వాడే, లేదా వాడడానికి ఉంచుకున్న వాహనంపైనే ఆ చట్టం పన్ను వేస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రహరీ లోపలి యార్డులో మాత్రమే తిరిగే 36 వాహనాలకు పన్ను కట్టించుకోవడం చెల్లదని, 2025 ఆగస్టులో తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రోడ్డు వాడుకున్నందుకు చెల్లించేదే ఈ పన్ను అన్నది ఆ తీర్పు సారం.

ఈ సూత్రాన్ని ఒప్పుకుంటే ఒక చిక్కు ఎదురవుతుంది. కారుకు మనం కొన్నప్పుడే కట్టే జీవితకాల పన్ను ధరను బట్టి ఉంటుంది. ఎంత దూరం తిరిగిందన్నది లెక్కలోకి రాదు. కొల్లేటి లంక గ్రామంలో వారానికోసారి బయటికి తీసే కారుకూ, రోజూ తాడేపల్లిగూడెం నుంచి విజయవాడ వెళ్లొచ్చే అదే ధర కారుకూ ఒకటే పన్ను. పైగా రోడ్డును ఎక్కువగా దెబ్బతీసేది ఇరుసు మీది బరువు. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లు అవుతుందని 1958–60 నాటి అమెరికా రోడ్డు పరీక్షలు చూపాయి. చేపల లారీల వెంట నీళ్లు కారే తారు రోడ్ల స్థితి కొల్లేరు విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఆ లారీలు మూడు నెలలకోసారి పన్ను కడతాయి; ఆ సొమ్ము రాష్ట్ర సంచిత నిధిలో కలుస్తుంది. అది తిరిగి ఆ రోడ్డుకే రావాలన్న నియమం లేదు. పన్ను ఉండడం న్యాయమే. దాన్ని కొలిచే పద్ధతి మాత్రం బలహీనమైనది.

తనిఖీ

అదే చేపల లారీ ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. సొంత కారు రవాణాయేతర వాహనం గనుక మొదటి 15 ఏళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్లనక్కరలేదు. కాలుష్య ధ్రువపత్రం పొగను కొలుస్తుందే తప్ప బ్రేకులను, టైర్లను చూడదు. బ్రిటన్ 1960లో పదేళ్లు దాటిన కార్లకు వార్షిక పరీక్ష మొదలుపెట్టి, 1967 నాటికి మూడేళ్లకు తగ్గించింది.

తెల్ల పలకకూ పసుపు పలకకూ తేడా బ్రేకులకు తెలియదు కదా! అయినా ఒక అభ్యంతరాన్ని తీసిపారేయలేం: పరీక్ష కేంద్రం దూరమైతే లంక గ్రామస్థుడికి ఒక రోజు పని పోతుంది, పరీక్ష కాగితానికే పరిమితమైతే ఆ రోజు వృథా కూడా. కాబట్టి ఎనిమిదేళ్లు దాటిన కార్లతో మొదలుపెట్టి, మండల కేంద్రాలకు దగ్గరలో పరీక్ష ఏర్పాటు చేయడం ఆచరణీయంగా కనిపిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఏలూరులోని ఒకరు తన కారును తాడేపల్లిగూడెంలోని బంధువుకు అమ్మి, ఆరు నెలలైనా పేరు మార్పించలేదు. ఆ కారు వల్ల ప్రమాదం జరిగితే పరిహార బాధ్యత ఎవరిది? ఎందుకు?

2. చేపల చెరువు గట్ల మీద మాత్రమే తిరిగే వాహనానికి పన్ను వర్తిస్తుందా? ఆ గట్టు బహిరంగ స్థలమా, కాదా అన్నది ముందుగా నిర్ణయించి జవాబు రాయండి.