కూల్‌గార్డీ మజిలీ



ఆస్ట్రేలియా దేశపు పడమటి భాగమున కూల్‌గార్డీ యను ఊరు కలదు. సముద్రతీరమందలి పెర్తు నగరమునుండి తూర్పుగా సుమారు 550 కిలోమీటర్లు పోయినచో ఆ యూరు చేరవచ్చును. ఒకప్పుడది బంగారమునకు పేరుపొందిన పట్టణము. పెర్తులో కాపురమున్న మా చిన్నవాని వెంట పోయి నేనచ్చట నొక రాత్రి బసచేసితిని. ఆ మజిలీలో నేను తెలిసికొన్న సంగతిని మీకు మనవి చేయుదును.

మేము పోయినది కారవానుతో. కారవాననగా కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు చిన్న గది. అందు పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి యుండును. అచ్చటి వృద్ధదంపతులు పలువురు ఇట్టి బండ్లతో నెలల తరబడి దేశాటనము చేయుదురు. వారు దిగుటకు ఊరూర విడిదిస్థలములు కలవు. సాయంకాలమునకు మేమట్టి స్థలమును చేరితిమి. మధ్యాహ్నము మొదలు ఎఱ్ఱమన్నును, జామాయిలు జాతి చెట్లును దప్ప ఒక యేరైనను కానరాలేదు. దారి పొడవునను లావుపాటి గొట్టమొకటి మాత్రము మా ప్రక్కనే వచ్చుచుండెను. అదేమని నేనడుగలేదు.

దిగినంతనే కొళాయి విప్పి కాళ్ళు కడుగుకొని, నీళ్ళను పాఱనిచ్చి మాటలలో పడితిని. ప్రక్క బండిలోని వృద్ధుడొకడు వచ్చి మెల్లగా కొళాయి కట్టి, "అయ్యా, ఈ నీరు పెర్తు దగ్గరి కొండలనుండి వచ్చుచున్నది" అనెను. ఉదయమునుండి నేను పడివచ్చిన దారియంతయు ఆ నీరును వచ్చినదని తెలిసి సిగ్గుపడితిని. ఆ రాత్రి యతడు చెప్పిన దానిని, మరునాడు నేను చూచి చదివి యెఱిగిన దానిని చేర్చి చెప్పుచున్నాను.

1892 సెప్టెంబరులో బెయిలీ, ఫోర్డు అను నిరువు రచ్చట బంగారమును కనుగొనిరి. బెయిలీ 554 ఔన్సులు, అనగా మన లెక్కను సుమారు 1,477 తులముల బంగారమును సదరన్ క్రాసు అను ఊరికి తీసికొనిపోయి అధికారికి చూపెను. వార్త ప్రాకగనే వేలకొలది జనులు తరలివచ్చిరి. 1898 నాటికి పట్టణమున సుమారు 15,000 మంది యుండిరి.

బంగారము దొరకెను గాని నీరు దొరకలేదు. అచ్చట ఏటికి కురియు వాన సుమారు పది అంగుళములే. భూమి త్రవ్విన ఉప్పునీరు పడును. అనాదిగా నచ్చట నివసించు ఆదివాసులు బండలలో సహజముగా నేర్పడిన గుంటల నెఱిగి, ఎండకు నీరు ఆవిరిగాకుండ వానిపై రాళ్ళును కొమ్మలును కప్పి కాపాడుకొనెడివారు. క్రొత్తగా వచ్చిన జనము ఆ గుంటలను తమ పశువులకు త్రాపి యెండగట్టిరి. పిమ్మట ఉప్పునీటిని కట్టెలతో కాచి, ఆవిరిని చల్లార్చి, ఆ నీటిని వెలకు అమ్మిరి. మురికినీటివలన సన్నిపాతజ్వరము, అనగా టైఫాయిడు, వ్యాపించి అనేకులు పడుచుప్రాయముననే మరణించిరి.

1896లో రైలు వచ్చువఱకును సామగ్రి చేరవేయుటకు ఒంటెల బిడారులే ముఖ్యాధారము. వానిని తోలినవారిని ఆ దేశస్థులు అఫ్గానులనిరి గాని, వారిలో బెలూచిస్థానము, పంజాబు, సింధు ప్రాంతముల వారును కలరు. బిడారు మళ్ళుటకు వీలుగా పెద్దవీధిని మిక్కిలి వెడల్పుగా నుంచిరి. నేడా వీధిలో మళ్ళునవి మా వంటివారి కారవానులు.

నీటికఱవును తీర్చినవాడు ఓకానరు అను ప్రభుత్వ ఇంజనీరు. అతడు ఐర్లండులో పుట్టినవాడు. పెర్తు సమీపమున ముండారింగువద్ద హెలెనా నదికి అడ్డుకట్ట కట్టి, 30 అంగుళముల ఉక్కుగొట్టముతో సుమారు 530 కిలోమీటర్లు నీటిని నడిపింపవలెనని యతడు నిశ్చయించెను. ఊరు కట్టకంటె వేయి అడుగులకు పైగా ఎత్తున నున్నది. కావున దారిలో ఎనిమిదిచోట్ల ఆవిరియంత్రములను నిలిపి, ఒకటి త్రోసిన నీటిని మఱియొకటి యందుకొని ముందునకు త్రోయునట్లు ఏర్పరచెను. దినమునకు ఏబది లక్షల గాలనులు నడచునట్లు లెక్కించిరి.

పని సాగుచుండగనే ఇది వ్యర్థమని, ధనము దుర్వినియోగమగుచున్నదని కొందఱు పత్రికలలోను సభలలోను అతనిని నిందించిరి. 1902 మార్చి 10వ తేదీన అతడు ఆత్మహత్య చేసికొనెను. నీరు విడిచినప్పుడు అది రాకపోవుటచే చనిపోయెనని జనులు చెప్పుకొందురు. అది నిజముగాదు. అప్పటికి పని పూర్తికానేలేదు. తుదకు నీరు కూల్‌గార్డీ చేరెను; 1903 జనవరి 24వ తేదీన ఆ పథకమునకు లాంఛనముగా ప్రారంభోత్సవము జరిగెను. అతని లెక్క తప్పలేదు. చూచుటకు అతడు లేడు.

తరువాత బంగారము తఱిగెను. జనులు వెడలిపోయిరి. నేడచ్చట వేయిమందికి లోపుగా నున్నారు. 1898లో కట్టిన రాతి న్యాయస్థానమున ఇప్పుడు పాతవస్తువుల ప్రదర్శనశాల యున్నది. నీటిమార్గము మాత్రము నిలిచినది. యంత్రములు మాఱినను, గొట్టములు కొన్ని మార్చినను, ఆ దారి వెంట ఊళ్ళకును పొలములకును సుమారు లక్షమందికి నేటికిని నీరు పాఱుచున్నది.

గ్రామపెద్దలారా! బంగారముకొఱకు పుట్టిన ఊరు నీటివలన బ్రదికినది. చెరువు పూడిక తీయవలెనని గాని, బావికి గట్టు కట్టింపవలెనని గాని యెవరైన మీ యెదుటకు వచ్చినప్పుడు, ఖర్చునుగూర్చి తప్పక యడుగుడు. అడుగుట మీ ధర్మము. కాని పని ముగియకమునుపే ఆ మనిషిని నిందింపకుడు. ఇంటికి వచ్చిన నాటినుండి నేను కొళాయి విప్పినప్పుడెల్ల ఆ వృద్ధుని చేయి జ్ఞప్తికి వచ్చుచున్నది.