మూగతీగకు అద్దె

కాలువనీరు అందక సావిపోయిన పల్లపుచేనికి శిస్తులో వజా యిచ్చుట న్యాయమని పరప్రభుత్వమువారు సైతము ఒప్పుకొనిరి. ఇంటర్నెట్టు తీగ విషయమున మాత్రము కోనసీమ గృహస్థు ఆ న్యాయమును మరల నడుగవలసి వచ్చుచున్నది.

2005 జనవరిలో బి. ఎస్. ఎన్. ఎల్. వారు టెలిఫోను తీగమీదనే బ్రాడ్‌బ్యాండు నిచ్చుట కారంభించిరి. ఒకే రాగితీగల జంటలో మాటయు సమాచారమును వేఱువేఱు పౌనఃపున్యములతో బోవును. కావున ఇంటర్నెట్టు కోరినవాడు, మాటలాడినను మాటలాడకున్నను, టెలిఫోను నుంచుకొనవలసి వచ్చెను. మొదట రెంటికిని వేఱు రుసుములు. పిమ్మట కాంబో ప్లానులలో కలిపివేసిరి. కలిపినంతనే భారము పోయినదా? కంటికి కనబడకపోయినది, అంతియే. 1994 జూలైలో నూటికి 5 చొప్పున టెలిఫోనుపై మొదలైన సేవాపన్ను, 2017 జూలైనుండి జి. ఎస్. టి. యై 18 అయినది.

ఆంగ్లదేశమునను ఇట్టి తగవే. బ్రాడ్‌బ్యాండు వెలను పెద్దయక్షరములతో, తీగయద్దెను చిన్నయక్షరములతో ప్రకటించువారిని అచ్చటి ప్రకటనల నియంత్రణసంస్థ 2016 అక్టోబరు 31 నుండి రెండును కలిపియే చూపుడని కట్టడి చేసినది. అదే సంవత్సరము డిసెంబరు 29న, మన దిండికి అనతిదూరముననున్న మోరి గ్రామమున ఫైబరు సేవ ప్రారంభించుచు, ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును నెలకు 149 రూపాయలకే యని రాష్ట్రప్రభుత్వమువారు చాటిరి. పన్నును, పెట్టెవెలయు అందు చేరలేదు. అయినను గాజుతీగలో మాటకు వేఱు అద్దె యక్కఱలేదని ఆ లెక్కయే తేల్చినది.

ఇక తీగ చెడిన దినముల మాట. వసిష్ఠగోదావరి యొడ్డున ఉప్పుగాలి, చిత్తడినేల, రాలు కొబ్బరిమట్ట ఇవన్నియు తీగకు శత్రువులే. మస్కటులోనో కువైట్టులోనో కష్టించు తల్లి బిడ్డముఖము చూచునది దీనిమీదనే; హౌస్‌బోటు కోరి దిండికి వచ్చు యాత్రికుడు ముందుగా బేరమాడునదియు దీనిమీదనే. ఇట్టి తీగ పక్షము దినములు మూగవోయినను బిల్లు మాత్రము తప్పక వచ్చినచో గృహస్థు ఏమి చేయవలెను?

2006లో ట్రాయ్‌వారు చేసిన నిబంధనలలో దీనికి సమాధానముండెను: మూడు పనిదినములు మించి బాగుచేయనిచో 7 దినముల రుసుము, ఏడు మించినచో 15 దినములది, పదునైదు మించినచో పూర్తి నెలది వజా. అట్టి హక్కును ప్రతి బిల్లుమీదను తెలుగున అచ్చువేయవలెను. అడిగినవానికే గాక, అడుగనెఱుగని వానికిని వజా తనంతట పడవలెను. అంతవఱకు పాఠకమహాశయులు తీగ చెడిన నాడే ఫిర్యాదు చేసి, దాని సంఖ్యను తేదీతో వ్రాసియుంచుకొందురుగాక; దినముల లెక్క అచ్చటినుండియే.